మల్కాజ్‌గిరి దాకా టెస్ట్ డ్రైవ్

బోయిగూడ కట్టె డిపోల వెనక గల్లీలో కాంపాక్ట్ ఎస్‌యూవీల గురించి ఎవరికి సందేహం వచ్చినా వడ్రంగి బ్రహ్మచారినే అడిగేవారు. ఏ బండి లీటరుకు ఎంత ఇస్తుంది, దేని డిక్కీలో గ్యాస్ సిలిండర్ నిలువుగా పడుతుంది, సన్‌రూఫ్ పేరు చెప్పి ఎవరెంత గుంజుతున్నారు, అన్నీ ఆయనకు నోటికొచ్చు. డ్రైవింగే రాదు.

ఈ విద్య అబ్బడానికి కారణం భార్య పుష్పమ్మ తుంటి. స్నానాల గదిలో జారిపడితే లోపల రాడ్ వేశారు. ఆటో ఎక్కితే ప్రతి గుంతకూ ప్రాణం పోయి వస్తుంది. చిన్న కార్లలో సీటు మరీ కిందికి, కూర్చుంటే లేవలేదు. ఎత్తు బండిని వారం వారం కిరాయికి మాట్లాడే తాహతు లేదు. పుష్పమ్మ అక్క ఎల్లమ్మేమో మల్కాజ్‌గిరిలో కేన్సర్‌తో మంచాన ఉంది. ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేశారు.

అలాంటప్పుడు ఒక షోరూమ్ వాళ్ళు ఫోన్ చేసి, టెస్ట్ డ్రైవ్‌కు బండి ఇంటికే పంపుతామన్నారు. “యాడికి పోదాం సార్?” అని వచ్చినతను అడిగితే బ్రహ్మచారి నోట్లోంచి “మల్కాజ్‌గిరి” అని ఊడిపడింది. ఆ తర్వాత ఆదివారానికో కంపెనీ. “కూసునేది మా ఆమెనే బాబూ, నువ్వే నడుపు,” అనేవాడు. అక్కడ పుష్పమ్మ అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నంతసేపూ బయట ఆయన బానెట్ ఎత్తించి అడిగిందే అడిగేవాడు.

ఈ ఆదివారం కొత్త కంపెనీ బండిలోంచి దిగిన సేల్స్‌మన్ హరికిషన్‌ను చూడగానే బ్రహ్మచారికి చెమటలు పట్టాయి. మొన్న ఇంకో కంపెనీ బండి తెచ్చింది ఇతనే.

“నేను కంపెనీ మారిన, అంకుల్,” అన్నాడు హరికిషన్. “మీరు సుత మారిన్రు గద! మల్కాజ్‌గిరేనా?”

“గా బండికి... సన్‌రూఫ్ జెర చిన్నగ ఉండె బాబూ.”

ఆ బండికి అసలు సన్‌రూఫే లేదు. హరికిషన్ నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

పుష్పమ్మే అందుకుంది. “ఆయననేం అనకు బిడ్డా. మేం కొనేది లేదు. మా అక్కను చూసొద్దామని గీ తక్లీఫ్ అంతా.”

భార్య నిజంగానే బండి కొంటున్నామనుకుంటోందని ఇన్నాళ్ళూ నమ్మింది బ్రహ్మచారి ఒక్కడే.

హరికిషన్ ముఖంలో నవ్వు పోయింది. “అంత దూరం తీస్కపోలేనమ్మా. బండి ఎటు పోతుందో ఆఫీసుల కనిపిస్తది. మొన్నటిదానికే మాటలు పడ్డ. మెట్టుగూడ దాంక పోయొద్దాం.”

సగం దారిలో, మెట్టుగూడలో బండి వెనక్కి తిరిగింది. పుష్పమ్మ వెనక అద్దంలోంచి మల్కాజ్‌గిరి రోడ్డునే చూస్తూ ఫోన్ చేసింది.

“అక్కా, గీ బండి మంచిగలేదే. సీటు గుచ్చుతుంది. ఇంకోటి చూస్తున్నం.”

“ఎన్ని చూస్తరే?” స్పీకర్లో ఎల్లమ్మ గొంతు సన్నగా వచ్చింది. “మంచిగ లేకున్నా సరే, ఏదన్న ఒకటి తీస్కోర్రి. జల్ది రార్రి.”

ఫోన్ పెట్టేసినా పుష్పమ్మ దాన్ని చేతిలోనే పట్టుకుని ఉంది.

బ్రహ్మచారే గొంతు సవరించుకున్నాడు. “వెనక సీటుకు ఏసీ మంచిగ వస్తదా బాబూ?”

“వస్తది అంకుల్,” అన్నాడు హరికిషన్. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఏసీ గురించి, బ్రేకుల గురించి, ఎయిర్‌బ్యాగుల గురించి, కొనేవాళ్ళకు చెప్పినంత శ్రద్ధగా, బోయిగూడ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.