షాహీన్ పుస్తకంలోని కథ

మొన్న జడ్చర్ల బస్టాండులో ఎవరో పుస్తకాల కట్ట విప్పుతుంటే కొత్త సిరా వాసన తగిలి, షాహీన్ గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మూడో తరగతి. ఆ బస్టాండులోనే నా ఈడు షాహీన్ వాళ్ల అబ్బాకు పుస్తకాల దుకాణం ఉండేది. ప్రతి ఆదివారం కొత్త బొమ్మల కథలు వచ్చేవి. ఇద్దరం చెరొక ప్రతి తీసుకుని, దుకాణం మెట్ల మీద కూర్చుని, కథ ఎట్లుందో వాదించుకునేవాళ్లం.

కానీ ఆమె చెప్పే కథ నా పుస్తకంలో ఉండేది కాదు. నా పుస్తకంలో రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోతే, ఆమె కథలో వాడు తప్పిపోయిన చెల్లెను వెతుక్కునేవాడు. వాళ్ల అబ్బా మంచి పుస్తకాలు కూతురికి దాచిపెట్టి, మాకు వేరేవి అమ్ముతున్నాడని నాకు గట్టి అనుమానం.

ఒక ఆదివారం ఆమె చేతిలోది లాక్కుని చూశాను. అట్ట అదే. బొమ్మలూ అవే.

"గీ పేజీ చదువు," అన్నాను.

షాహీన్ ఆ పేజీలోని రాక్షసుని బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "మాది ఉర్దూ మీడియం. నాకు తెలుగు చదువరాదు. బొమ్మలు చూసి చెప్తున్న."

"అంటే గివన్నీ అబద్ధాలేనా?"

"అబద్ధమెందుకయితది? గా రాక్షసుని కండ్లు చూడు. ఎత్కపోయెటోని కండ్లు గట్లుంటయా?"

చూశాను. వాడు నిజంగానే దిగులుగా ఉన్నాడు.

నేను అనుమానపడిన ఆ వారాలన్నీ, ఎప్పుడు చదవమంటానోనని ఆమె కూడా నన్ను కనిపెట్టుకునే కూర్చుని ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం పుస్తకం ఆమెకు తిరిగిచ్చి, "జర మొదటికెల్లి చెప్పు," అన్నాను.