పైపుకు చెవి పెట్టే మస్తానయ్య

ఆత్మకూరు మోటారు మెకానిక్కు మస్తానయ్య పైపుకు చెవి ఆనిస్తే చాలు, లోపల నీళ్ళు ఎక్కడ అలిసి కూలబడ్డాయో అడుగులతో సహా చెప్పేస్తాడు. అబద్ధమంటారా? ఉదయగిరి కొండ కింద రాఘవమ్మ నిమ్మతోట బతికింది ఆ చెవి వల్లే.

ఆ పొద్దు బస్సు దిగేసరికే అతని మోకాళ్ళు మొరాయించాయి. ముప్పై ఏళ్ళు బావుల్లో దిగి ఎక్కిన కాళ్ళు మరి. తోట కొసన ఎనభై చెట్లు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. బోరు దగ్గర ఎగిరి దూకే నీళ్ళు తొమ్మిది వందల అడుగులు పోయేసరికి వేలెడు ధార అవుతున్నాయి. రాఘవమ్మ మేనల్లుడు పెంచల్ అప్పటికే పెద్ద మోటారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. పెట్టె విప్పితే అంగడివాడు వెనక్కి తీసుకోడు.

"విప్పేదా మామా?" అని మస్తానయ్యను అడిగాడు.

"ఆగరా! అదేమన్నా పెళ్ళి లడ్డు పెట్టెనా?"

పక్కవాళ్ళు తమ చేలల్లో పైపు పోనివ్వరు. అందుకని అది గట్ల వెంట పదకొండు మలుపులు తిరిగింది. మస్తానయ్య కాళ్ళు ఈడ్చుకుంటూ దాని వెంటే నడిచాడు. మలుపు దగ్గర బెండు కనపడినప్పుడల్లా "నాలుగడుగులు" అని గొణిగాడు. ఒక్క బెండు తినే బలం నాలుగడుగుల పైపు తినేదానికి సమానమని అతని లెక్క. మూడుచోట్ల జాయింటు విప్పించి, నీళ్ళు ఎంత దూరం దూకుతున్నాయో జానలతో కొలిచాడు. మొదట ఆరు, నడుమ మూడు, కొసన రెండు.

కొసన చతికిలబడి, పైపుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రాఘవమ్మ పక్కకొచ్చి వంగింది.

"ఏందన్నా, ఏం వినపడతా ఉండాది?"

చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"అడ్డమేం లేదమ్మా. ఉంటే ఒక్కచోటే పడిపోవాల. ఇది కొంచెం కొంచెంగా తగ్గతా వస్తా ఉండాది. బెండ్లన్నీ కలిపినా నలభై నాలుగడుగులే. ఒకటిన్నరించీ పైపు, నీళ్ళు దాని గోడలకు ఒరుసుకోనే చస్తా ఉండాయి."

"అందుకేగా పెద్ద మోటారు!" అన్నాడు పెంచల్.

"ఇరుకు సందులో ఎద్దును ఎంత బిరీన తోలితే అంత ఒరుసుకుంటాదిరా. మోటారు వాపసిచ్చి రెండించీ పైపు తెచ్చుకోండి. ఒరిపిడి నాలుగోవంతుకు దిగతాది."

వారం తిరిగేసరికి కొస చెట్టుకూ నీళ్ళందాయి. రాఘవమ్మ ఆ చెవి సంగతి ఊరంతా చెప్పింది. ఆ మాట ఆత్మకూరు బస్టాండు చేరేసరికి ఆ చెవికి సోమశిల డ్యాములో నీళ్ళ గుసగుసలు కూడా వినపడుతున్నాయి. టీ కొట్టు దగ్గర ఎవరో నిజమేనా అని అడిగితే, మస్తానయ్య మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నాడు:

"చెవీ లేదు, గివీ లేదు. ఆ పొద్దు పైపుకు ఆనించిన చెవి నాకు పదేళ్ళుగా వినపడదు. కాళ్ళు పీకతా ఉంటే కాసేపు కూర్చున్నా, అంతే."