పైన ఇంకో మాసిక

దయ్యమంటే భయపడే రకం కాదు నేను. మా ఆయన గుండె ఆగి పోయినప్పుడు మిర్యాలగూడ నుంచి మా ఆడబిడ్డ వచ్చి, నడి వయసులో పోయినవాడు ఊరికే పోడంటూ గడపకు నిమ్మకాయలు కట్టింది. ఆమె బస్సెక్కగానే వాటిని కోసి పులిహోర కలిపాను. కడుపునిండా తిన్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి శ్రావణి రాస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాయమని ముందే చెప్పాను.

మా ఆయనకు కోదాడలో, హుజూర్‌నగర్ రోడ్డు మీద పంచర్ షాపు ఉండేది. సొల్యూషన్ అనే జిగురు పూసి ట్యూబుకు అతికే రబ్బరు ముక్కను అందరూ ప్యాచ్ అంటారు. ఆయన మాత్రం మాసిక అనేవాడు. మాసిక చిరిగిన బట్టకు వేస్తారు గానీ రబ్బరుకు వేస్తారా అని లారీ డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. "ట్యూబంటే ఏందనుకున్నవ్ రా, టైరు లోపల తొడుక్కున్న బనీనే గదా" అనేవాడు.

శ్రావణి సూర్యాపేటలో, బస్టాండు దగ్గర చీరల దుకాణం పై అంతస్తులో ఉన్న కాల్ సెంటర్‌లో పని చేస్తుంది. వ్యవసాయ మోటారు కాలినా, నీళ్లు ఎత్తకపోయినా రైతులు అక్కడికి ఫోన్ చేస్తారు. గరిడేపల్లి నుంచి, అనంతగిరి నుంచి వచ్చే ఆడపిల్లలు ఫోన్లు ఎత్తుతారు. మా పిల్ల సర్వర్లు చూస్తుంది. సర్వర్లంటే బీరువాలో పెట్టిన పెట్టెలు. వచ్చిన ఫోన్‌ను ఏ అమ్మాయికి ఇవ్వాలో అవే చూసుకుంటాయి.

ఆదివారం పొద్దున అక్కడ లైన్లు ఉండవు, మధ్యాహ్నం షిఫ్టుతోనే మొదలు. అందుకని ఒక ఆదివారం పొద్దున సర్వర్లకు కొత్త ప్యాచ్ ఎక్కించే పని పెట్టారు. ఆఫీసులో పిల్ల ఒక్కతే ఉంటుందని నేనూ వెంట వెళ్లాను. ప్యాచ్ అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. మీ పెట్టెలకు కూడా పంచర్లు పడతాయా అని అడిగాను.

"పడతయమ్మా. సాఫ్ట్‌వేర్ల ఏడనన్న తప్పు దొరికితే దాని మీద చిన్న ముక్క వేసి మూస్తరు. నాన్న చేసిన పనే, సొల్యూషన్ వాసన రాదు గంతే" అంది.

ప్యాచ్ ఎక్కింది. ఎక్కాక పరేషాన్ మొదలైంది. శ్రావణి తన సెల్‌తో సెంటర్ నంబరుకు కొట్టి చూస్తే బల్ల మీది ఫోన్ మోగుతోంది, ఎత్తగానే తెగిపోతోంది. మళ్లీ కొట్టినా అంతే. హైదరాబాద్‌లో ఉండే పెద్ద సారుకు చెప్పింది. ఆయన మాటలు నాకూ వినబడ్డాయి.

"ఊర్ల పిల్లల చేతుల సర్వర్లు పెట్టొద్దని మొదటి నుంచి మొత్తుకుంటున్న. మధ్యాహ్నం షిఫ్టుకు లైన్లు నడవకపోతే ఆ సెంటర్ బంద్ చేసి పని గీడికి తెచ్చుకుంటం. సమజైందా?"

అది బందయితే ఆ పిల్లలంతా ఇంటిదారి పట్టాల్సిందే. ఆ మచ్చ మా పిల్ల పేరు మీదే పడుతుంది.

శ్రావణి ఆ ప్యాచ్ తీసేయడానికి కూర్చుంది. అది ఊడి రావడం లేదు. సగం దాకా వచ్చి కుదరదని మొండికేస్తోంది. బలవంతంగా పీకే దారి ఒకటి ఉందట. అలా పీకితే మొత్తం సాఫ్ట్‌వేర్ పాడైపోవచ్చట. ఇక గతిలేక దానికే తెగించి, సర్వర్ల మీద నడిచే ప్రోగ్రాములన్నీ ఆపేసింది. బల్లల మీది ఫోన్లలో అక్షరాలన్నీ పోయి తెరలు ఖాళీ అయ్యాయి. నా కళ్లతో చూశాను.

అప్పుడు కిటికీ పక్క బల్ల మీది ఫోన్ మోగింది.

దాని పక్కనే ఉన్నాను కాబట్టి ఎత్తాను. లైన్లో ఒకటే గరగర. దాని వెనుక ఒక మగగొంతు. తొందరేమీ లేదు ఆ గొంతులో.

"పైన ఇంకో మాసిక ఉన్నది సూడు. ముందు గది తియ్యి. కిందిదాన్ని గుంజకు, చినుగుతది."

ఎవరని అడిగేలోపే పెట్టేశారు.

ఆ గొంతు మా ఆయనదేనని నేను ప్రమాణం చేయను. ఆ గరగరలో ఎవరి గొంతైనా ఒక్కలాగే ఉంటుంది. కానీ లైన్ పోయాక కూడా ఫోన్ చెవికే ఆనించుకుని హలో, హలో అంటూనే ఉన్నాను.

"ఎవరితోటి మాట్లాడుతున్నవమ్మా? ఫోన్లన్ని బందున్నయ్ గదా!" అంది శ్రావణి.

"ఎవరో మొగాయన. పైన ఇంకో మాసిక ఉన్నదట. ముందు అది తియ్యాల్నట."

"జోకులెయ్యకే. ఈడ నా పానం పోతున్నది."

"నీ మీద ఒట్టు బిడ్డా."

పిల్ల నా ముఖం వైపు చూసింది. తెర వైపు తిరిగి వెతకసాగింది. కాసేపటికి దిగ్గున లేచి నిలబడింది. తను ప్యాచ్ ఎక్కించిన తర్వాత, ఇంకో చిన్న ప్యాచ్ ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ నుంచి దానంతట అదే దిగి దాని మీద కూర్చుందట. పైది ఉండగా కిందిది ఊడదట.

పైది తీసింది. అప్పటిదాకా మొండికేసిన కిందిది మారు మాట లేకుండా ఊడి వచ్చింది. పెట్టెలను ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ లేపింది. ఫోన్ల తెరల మీద అక్షరాలు వచ్చాయి.

అప్పటికే షిఫ్టు పిల్లలు మెట్లెక్కుతున్నారు. ముందు వచ్చిన పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, నా సెల్‌తో సెంటర్‌కు కొట్టాను.

"నమస్కారమండీ, మీ మోటారుకు ఏమైందో చెప్పండి" అంది ఆ పిల్ల. లైన్ తెగలేదు.

"మోటరు లేదు, పాడు లేదు! నీ గొంతు ఇనవడ్డది, గంతే సాలు బిడ్డా!" అని అరిచాను. గదంతా నవ్వులు, చప్పట్లు. ఆ వెనకే రైతుల ఫోన్లు అందుకున్నాయి. నా పెళ్లిలో బ్యాండు కూడా అంత బాగా మోగలేదు.

పెద్ద సారు మళ్లీ ఫోన్ చేశాడు. "ఎట్ల పట్టుకున్నవమ్మా?"

"పైన ఇంకో మాసిక ఉండె సార్."

"మాసిక అంటే?"

"ప్యాచే సార్. మా ఇంట్ల గట్లనే అంటం."

 సూర్యాపేట సెంటర్ ఎక్కడికీ పోదని ఆయనే అన్నాడు. ఊర్ల పిల్లలన్న మాట ఆ రోజు నుంచి ఆయన నోట రాలేదు. మా పిల్ల తల ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, వెనుక నేను ఇంకా ఎత్తుకుని దిగాను.

ఇక ఆ ఫోన్ సంగతి. మర్నాడు శ్రావణి రికార్డులన్నీ వెతికింది. అలాంటి ఫోన్ వచ్చిన ఆనవాలే లేదు. ప్రోగ్రాములు ఆగి ఉండగా అది మోగే వీలే లేదని ఫోన్లు బాగుచేసే అతనూ చెప్పాడు. ఏ పంచర్ షాపు అతనో తప్పు నంబరు కొట్టాడేమోనని కోదాడలో తెలిసిన షాపులన్నిట్లో అడిగాను. "ప్యాచ్‌ను మాసిక అనేటోడు మా అన్న ఒక్కడే ఉండె వదినా" అన్నారు ఆ షాపుల వాళ్లు.

అయినా నేను దయ్యమని అనను. 

మొన్న ఆ కంపెనీ సరిచేసిన ప్యాచ్ పంపింది. ఈసారి శ్రావణి, దానంతట అది ఏదీ దిగకుండా ముందే దారులు మూసి, ఎక్కించింది. నేను కిటికీ పక్క ఫోన్ దగ్గర కుర్చీ వేసుకుని, పని అయ్యేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది మోగలేదు. మా పిల్లకు దాని అవసరమూ పడలేదు.