మా ఆవిడ మోకాళ్ళు

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులని రాజమండ్రిలో మా బంధువులందరికీ తెలుసు. చెప్పింది నేనే. అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. పాపికొండల లాంచీకి రమ్మంటే, ఒడ్డు నుంచి బల్ల మీద నడిచి లాంచీ ఎక్కడం ఆవిడ వల్ల కాదన్నాను. సినిమాకి బాల్కనీ టిక్కెట్లు తెస్తామంటే ఆ మెట్లు ఎక్కడం ఆవిడకి కష్టమన్నాను. మా బావమరిది మేడ కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, పైన పూజ జరుగుతున్నంతసేపూ ఆవిణ్ణి కింద హాల్లోనే కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను. పాపం, పెళ్ళాం కోసం ఎంత సర్దుకుపోతాడో అని అందరూ నన్ను మెచ్చుకునేవారు. నాకూ అది బాగానే ఉండేది.

ఇదంతా కోరుకొండలో మొదలైంది. డెబ్భైల మొదట్లో, పెళ్ళయిన రెండో ఏడు, మా బావమరుదులతో కలిసి కొండ మీది నరసింహస్వామి దర్శనానికి వెళ్ళాం. ఆ మెట్లు గోడకి నిచ్చెన వేసినట్టుంటాయి. అరవై మెట్లు ఎక్కామో లేదో, మా ఆవిడ రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది ఆ రోజు. "నా వల్ల కాదు, దిగిపోదామండి" అంది. బావమరుదులు పైకి వెళ్ళారు, నేను ఆవిణ్ణి కిందికి తీసుకొచ్చాను. ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

త్యాగం చేస్తున్నాననుకునేవాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నా సరదాలన్నీ ఈవిడ మూలంగా పోయాయని లోపల ఒకటే ఏడుపు. అది పులుసులో ఉప్పు మీదా, ఇస్త్రీ లేని చొక్కా మీదా బయటపడేది. ఆవిడ నవ్వితే "నీకేం, హాయిగా నవ్వుతావు" అనేవాణ్ణి. పోను పోను నవ్వడం మానేసింది. నొప్పుల మనిషి, నవ్వేం వస్తుందిలే అనుకున్నాను.

మాది స్టీలు సామాన్ల కొట్టు. ఎనభైల్లో ఓ శనివారం పొద్దున్న, పెళ్ళి సామాను ఆర్డరు మాట్లాడడానికి కోరుకొండ వెళ్ళాను. పని తొందరగానే తెమిలింది. కొండ కింద మజ్జిగ అమ్మే పాక దగ్గర బల్ల మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నాను. పైనుంచి ఐదారుగురు ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. అందరికంటే ముందు ఒకావిడ, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎవరో ముసలావిడ సంచీ చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి ఏదో అంటూ, పగలబడి నవ్వుతూ చకచకా దిగుతోంది. ఎంత హుషారైన మనిషి అనుకున్నాను. అబద్ధమెందుకు, ఆవిడ మొగుడెవరో గాని అదృష్టవంతుడని కూడా అనుకున్నాను.

ఇంకో పది మెట్లు దిగాక చూస్తే, మా ఆవిడ.

గ్లాసులో మజ్జిగ పంచె మీద ఒలికింది. గబగబా లేచి పాక వెనక్కి పోయి నిలబడ్డాను. అబద్ధమాడి వచ్చింది తనైతే నేనెందుకు దాక్కోవాలి? అయినా బయటికి రాలేదు. శనివారాలు మా వీధి చివర భజనకి వెళుతున్నానని నాకు చెప్పేది. వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయాక మజ్జిగ అమ్మే ఆవిణ్ణి అడిగాను, వీళ్ళు ఎప్పుడూ వస్తుంటారా అని.

"ప్రతి శనారం వత్తారండి. నేను పాక వేసిన కాడ్నించీ చూస్తన్నాను, నాలుగేళ్ళయిందండి. ఆ ముందు దిగినావిడ ముసలోళ్ళని చెయ్యట్టుకుని పైదాకా ఎక్కిస్తారండి" అంది.

ఆ తరవాతి బస్సులో, దారి పొడుగునా, ఆవిణ్ణి ఏమేం అనాలో కూడబలుక్కుంటూ వచ్చాను. కొట్టుకి కూడా పోకుండా తిన్నగా ఇంటికి వెళితే, ఆవిడ మేడ మీద వడియాలు తిరగేస్తోంది. కింద నిలబడి పిలిచాను. చేట పట్టుకుని టకటకా దిగి వచ్చింది. రోజూ ఆ మెట్లు ఎక్కి దిగుతున్నది తనే కదా. ఇల్లు కట్టి ఆరేళ్ళయినా మేడ మీదికి ఒక్కసారీ వెళ్ళనిది నేను. కొట్టులో పై అరల సామాను గుమస్తా చేత తీయించేదీ నేనే, యజమాని నిచ్చెనెక్కితే బాగుండదని.

కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో. "నీ మోకాళ్ళు ఎప్పుడు తగ్గాయి?" అన్నాను.

"నాకు మోకాళ్ళ నొప్పులు ఎప్పుడున్నాయండి?" అంది.

"మరి ఆ రోజు కోరుకొండ మెట్ల మీద కూర్చుండిపోయావు కదా."

"మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది మీరండి. కిందికి చూశారు, మొహంలో నెత్తురు చుక్క లేదు. లేవమంటే నా కొంగు పట్టుకుని వదల్లేదు. ముందు పోతున్న మా అన్నయ్యలు నవ్వుతారని, నా మోకాళ్ళే నొప్పెడుతున్నాయని చెప్పాను. ఇంటికొచ్చాక మీరే నవ్వేస్తారనుకున్నాను గాని, నిజమని నమ్మేస్తారనుకోలేదండి."

కొట్టులో నేను అబద్ధాలాడతాను, ఆడుతున్నానని నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇది తెలియలేదు. మోకాళ్ళు పట్టుకున్న ఆ చేతులను చీర రంగుతో సహా పదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అవి నా చేతులు. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"వచ్చే శనివారం నేనూ వస్తాను. ఎన్ని మెట్లు ఎక్కగలిగితే అన్ని ఎక్కుతాను" అన్నాను. జన్మలో ఎవరితోనూ అంత వినయంగా మాట్లాడి ఎరగను. సంతోషపడుతుందనే అనుకున్నాను.

ఆవిడ మొహంలో కోపం లేదు. నిజంగానే కాసేపు ఆలోచించింది.

"మీరు వద్దండి. నేను నవ్వుకునేది అక్కడే. ఆ కొండొక్కటీ నాకు వదిలెయ్యండి" అని, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళింది.