ఫిర్యాదులో రెండు పేర్లు

తాడేపల్లిగూడెంలో కరీం గారి టైలరింగ్ షాపుకొచ్చే ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డ బల్ల మీద పెట్టకముందే అడిగే మాట ఒకటుంది: "పెర్సిస్ ఉందాండీ?" లేదంటే గుడ్డ సంచిలోనే ఉంచుకుని, రేపొస్తామని వెళ్ళిపోయేవారు. చంక దగ్గర ముడత పడకుండా జాకెట్టు చెయ్యి అతకడంలో ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. కొలతలు తీసేటప్పుడు టేపు తగలాల్సిన చోట టేపే తగిలేది, వేలు తగిలేది కాదు.

పెర్సిస్ అన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు. పుట్టినప్పుడు పెట్టింది తోమా. కైకలూరు అవతల చేపల చెరువు మీద కాపలా ఉండే నిత్యానందానికి రెండో కొడుకు. పద్దెనిమిదో ఏట, "నేను మగవాణ్ణి కాదు నాన్నా" అని చెప్పినప్పుడు నిత్యానందం కొట్టలేదు, తిట్టలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గట్టు మీద కూర్చుని, "ఏదైనా పని నేర్చుకో. పని చేతిలో ఉంటే ఒకళ్ళని అడుక్కోనక్కర్లేదు" అన్నాడు. అలా ఆమె తాడేపల్లిగూడెం వచ్చింది.

గూడెంలో ఆరేళ్ళలో అయిదు ఇళ్ళు మారింది. వెళ్ళగొట్టారని ఎవరి మీదా చెప్పడానికి లేదు, అంత మర్యాదగా చెప్పేవారు. "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ" అన్నారు ఒకరు. "గదికి సున్నాలేయించాలండీ" అన్నారు ఇంకొకరు. సున్నం వేసినా వేయకపోయినా, ఆ నెలాఖరుకి ఆ గదిలో మరొకరు ఉండేవారు. చివరికి కరీం గారే షాపు వెనక గది ఇచ్చారు.

అది 2006, కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేసిన వేసవి. నిత్యానందం కాపలా ఉన్న చెరువు కూడా పోయింది. నాన్న ఎలా ఉన్నాడో చూద్దామని పెర్సిస్ వెళ్ళి, రెండు రోజులుండి, మూడో రోజు పదకొండు గంటలకి ఏలూరు బస్సెక్కింది. ముందు వైపు, స్త్రీలకు అని రాసి ఉన్న సీట్లో కూర్చుంది. పక్కన మరియమ్మ అనే చేపలమ్ముకునే పెద్దావిడ, ఖాళీ గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది.

రెండు స్టాపులయ్యాక ఇద్దరు మగవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో ఒకడు పెర్సిస్ ముఖంలోకి వంగి చూశాడు.

"ఇది ఆడాళ్ళ సీటు. నువ్వు లే."

పెర్సిస్ లేవలేదు. కండక్టరు వచ్చి, "ఎందుకండీ గొడవ, మీరు వెనక్కెళ్ళి కూర్చోండి" అన్నాడు, నచ్చజెబుతున్నట్టు. ఆమె లేచి వెనక్కి వెళ్ళింది. వెనక సీట్లో ఉన్నాయన కాళ్ళు అడ్డం పెట్టి, "ఇక్కడెక్కడ? మగాళ్ళ మధ్యనా?" అన్నాడు. ఆమె కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ ఇద్దరూ అక్కడికీ వచ్చారు. అసలు ఏమిటో చూద్దామన్నారు. పైట లాగారు, తర్వాత చీర మొత్తం లాగారు. బస్సులో యాభై మంది ఉన్నారు. కొందరు నవ్వారు, చాలామంది కిటికీలోంచి నీళ్ళకేసి చూశారు. బస్సు మలుపులో నెమ్మదించగానే ఆమెని కిందికి తోసేశారు. కుడి చెయ్యి ఒంటి కింద పడి మణికట్టు దగ్గర విరిగింది.

బస్సు ఆపించి, ఆ చీర పట్టుకుని దిగింది మరియమ్మ ఒక్కతే. రోడ్డు పక్కనే ఆమెకి చీర చుట్టి, గంప నెత్తిన పెట్టుకుని, "నడవగలవా అమ్మాయ్? ఆ ఎదవలిద్దరూ నాకు తెలుసు. పేర్లు కూడా చెప్తాను, పద" అంది.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని, మధ్యాహ్నం మూడింటికి స్టేషనుకి వెళ్ళారు. హెడ్ కానిస్టేబుల్ సుబ్బరాజు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళిచ్చాడు. పేరడిగితే పెర్సిస్ అని చెప్పింది. రేషన్ కార్డు అడిగాడు. అందులో తోమా, పురుషుడు అని ఉంది. ఆయన కలం కింద పెట్టాడు. "చూడు బాబూ" అన్నాడు, మళ్ళీ "చూడమ్మా" అన్నాడు, ఏది సరైనదో తెలియక చివరికి "చూడండి" అన్నాడు.

"ఆడవాళ్ళ చీర లాగితే దానికి సెక్షనుందండి. మీ కార్డులో పురుషుడని ఉంది. పురుషుడి చీర లాగారని నేను రాసుకెళ్తే మా సారు కాగితం నా మొహానే కొడతారు. చెయ్యి విరిగిందని రాస్తాను. అది ఎవరికైనా వర్తిస్తుంది. చీర సంగతి వదిలెయ్యండి."

 బస్సులో కూర్చోవడానికి సీటు దొరకనట్టే, ఈ కాగితం మీద కూడా తనకి చోటు దొరకడం లేదని పెర్సిస్‌కి అనిపించింది. ఏడుపు రాలేదు. చెప్పాల్సింది మాత్రం స్పష్టంగా తోచింది.

"చెయ్యి విరిగింది తోసినందుకండీ. తోసింది చీర లాగాక. లాగింది నేనెవరో చూద్దామని. ఆ మాట తీసేస్తే, నన్నెందుకు తోసినట్టండీ?"

సుబ్బరాజు చెయ్యి సంగతి మాత్రం రాసుకున్నాడు. ఆమె తెల్ల కాగితం అడిగింది. ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో, గంటంబావు సేపు రాసింది. సీటు, కమ్మీ, చీర, నవ్వినవాళ్ళు, అన్నీ. కింద పెర్సిస్ అని రాసి, దాని కింద తోమా అని రాసి, రెండు చోట్లా సంతకం పెట్టింది. "మీరు రాసిన దానికి ఇది కూడా జతచెయ్యండి" అంది. ఆయన చదివి, గుండుసూది గుచ్చాడు.

ఏలూరులో ఆమె కేసు విషయం చూసిన వకీలు బాపిరాజు గారు. షాపుకొచ్చే ఒకావిడ అన్నగారు. మాలాంటి వాళ్ళకంటూ ఒక చట్టం ఉండాలని ఆమె అంటే, ఆయన మొదటి రోజే అన్నారు: "ప్రత్యేకంగా ఓ చట్టం ఎందుకమ్మా? ఎవరినైనా సరే కొట్టకూడదనే ఉంది. ఆ 'ఎవరినైనా'లో మీరూ ఉన్నారు."

"ఉన్నానని మీకు తెలుసండీ. ఆ రోజు కండక్టరు గారికి తెలియలేదు. స్టేషన్లో ఆయనకీ తెలియలేదు."

బాపిరాజు గారు నవ్వారు. నమ్మినట్టు లేదు.

ఆ ఇద్దరి దగ్గర్నుంచీ రాజీకి కబుర్లు వచ్చాయి. నిత్యానందం కూడా, "మనకెందుకమ్మా, వాళ్ళు బలమున్నోళ్ళు" అన్నాడు. తండ్రి నోట అమ్మా అన్న మాట ఆమె వినడం అదే మొదలు. ఆ మాటకి కరిగి ఒప్పుకునేదే, కానీ ఒప్పుకోలేదు.

రెండేళ్ళకి కేసు విచారణకి వచ్చింది. బంట్రోతు "తోమా, తండ్రి నిత్యానందం" అని పిలిస్తే, నీలం చీర కట్టుకున్న మనిషి లేచింది. వెనక బెంచీల మీద గుసగుసలు. మేజిస్ట్రేటు తలెత్తి చూడగానే ఆగిపోయాయి. సాక్షిగా మరియమ్మని పిలిచారు. అవతలి వకీలు ఆమెని ప్రశ్నలతో పట్టుకున్నాడు.

"అతన్ని తోయడం మీరు కళ్ళారా చూశారా?"

"ఆవిణ్ణి తోశారండీ. చూశాను."

"అతను అనండి. రికార్డులో పురుషుడు."

"మీకలా కావాలంటే మీరనుకోండి బాబూ. చీర లాగితే గుండెల మీద చేతులడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. నేను చూసింది ఆడమనిషిని. వేరేగా చెప్పమంటే నాకు నోరు తిరగదండీ."

ఒకడికి ఆరు నెలలు శిక్ష పడింది. రెండోవాడి మీద సాక్ష్యం చాలలేదన్నారు. పెర్సిస్ తీర్పు నకలు తెప్పించుకుని, షాపులో మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివింది. మణికట్టు ఉంది, ఎక్స్‌రే ఉంది, బస్సు మలుపు ఉంది. చీర ఎక్కడా లేదు. ఎడమ చేత్తో రాసిన కాగితం ఊసే లేదు.

ఎముక అతికింది గానీ కత్తెర ఎక్కువసేపు పట్టుకుంటే బొటనవేలు తిమ్మిరెక్కుతుంది. కత్తిరించే పని కరీం గారు చూసుకుంటున్నారు, ఆమె కుడుతుంది. ఆయన కత్తిరింపు ఆమెకి నచ్చదు. ఆ మాట పైకి అనదు.

2009లో ఆమెతో పాటు ఏలూరు, భీమవరం, ఆకివీడుల్లోని తనలాంటి వాళ్ళు మరో పదకొండు మంది కలిసి ప్రభుత్వానికి ఒక అర్జీ రాశారు: మమ్మల్ని కొట్టడం, అవమానించడం, ఇల్లూ పనీ ఇవ్వకపోవడం నేరమని మా పేరెత్తి చట్టంలో రాయండి అని. భాష సరిచూడమని బాపిరాజు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రెండు తప్పులు దిద్ది, కళ్ళజోడు తీశారు.

"చట్టం వస్తే మాత్రం బస్సులో వాళ్ళు ఆగుతారంటారా?"

"ఆగరేమోనండీ. కానీ ఆ తర్వాత స్టేషనుకెళితే, అక్కడ కూర్చున్నాయనకి ఏం రాయాలో తెలుస్తుంది. ఏం జరిగిందో అదే రాస్తారు. ఇప్పుడు జరిగినదాంట్లోంచి నన్ను తీసేస్తేగానీ కేసు నిలబడటంలేదు కదండీ."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత పదమూడో సంతకం తనదే పెట్టారు.

అర్జీకి ఆ ఏడాది జవాబు రాలేదు. మరుసటి జనవరిలో దాన్నే మళ్ళీ తిరగరాసి, ఈసారి మరియమ్మ వేలిముద్ర కూడా వేయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు.