రత్నమణి రుద్దిన పలక

రత్నమణి మీద నోరు పారేసుకున్నవాళ్లలో మొదటివాణ్ణి నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు బేతంచెర్లలో ఎవరిని కదిలించినా "ఆ యమ్మ పనితనం మాకు అప్పుడే తెలుసు" అంటారు. తెలుసంట, వీళ్ల మొహం! ఆ రోజు షెడ్డులో ఉన్నది ముగ్గురం. మెకానిక్కు ప్రేమయ్య, అతని భార్య రత్నమణి, సుంకిరెడ్డి కారు డ్రైవరు ఆంజనేయ, అంటే నేను. చూడనివాళ్లు చూసినట్టు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సుంకిరెడ్డికి ఊరి చుట్టూ మూడు బండల గనులుండేవి. దేశం విడిచిపోతూ ఎవరో దొర అమ్మేసిన పెద్ద కారొకటి కొన్నాడు. చూడ్డానికి మహా దర్జాగా ఉండేది గానీ దానికో తెగులు ఉంది. ఇంజన్ ఆయిల్‌ను వడకట్టే డబ్బా, మేం ఫిల్టరు అంటాం, ఇంజను పక్కన బాగా కిందికి వేలాడుతూ ఉండేది. తారురోడ్ల మీద తిరిగే కారుకు అది ఎక్కడుంటే ఏం? మా గనుల దారుల్లో మాత్రం చక్రం కింద లేచిన ప్రతి రాయీ పోయి దానికే తగిలేది. రెండుసార్లు డబ్బా చిట్లి ఆయిలంతా నేలపాలైంది. రెండోసారి ఇంజను పట్టేసి చచ్చేదే. చప్పుడు తేడా విని నేను ఆపాను కాబట్టి బతికింది. మెచ్చుకోవలసింది పోయి రెడ్డి నన్నే తిట్టాడు.

ప్రేమయ్య ఒకప్పుడు రెడ్డి గనిలో రాయి కొట్టేవాడు. బండ జారి నడుం మీద పడ్డాక బరువెత్తే పనికి పనికిరాకుండా పోయాడు. యుద్ధంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మేనమామ దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని, రైల్వే గేటు పక్కన రెడ్డి జాగాలోనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. చేతిలో పని ఉంది. నోట్లో మాట లేదు. ఎవరు కసిరినా తల వంచుకునే మనిషి.

రత్నమణి అలా కాదు. వాళ్లమ్మ విశ్వాసమ్మ బండలు పాలిష్ చేసే మనిషి. తొమ్మిదేళ్లప్పుడు తల్లి పక్కన కూర్చుని బండ రుద్దడం మొదలుపెట్టింది, పెళ్లయినా మానలేదు. అప్పట్లో మెషిన్లు లేవు. ఇసుక, సానపొడి, నీళ్లు, రెండు చేతులు, అంతే. ఆమె అరిచేయి బండ మీద ఒకసారి నిమిరిందంటే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేసేది. గని మేస్త్రీలు కూడా ఆమె సరేనన్నాకే బండను బండి ఎక్కించేవారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఆమె ప్రేమయ్యకు సంగటి తెచ్చే మనిషి అని మాత్రమే.

డబ్బాను అడుగు నుంచి తీసేసి పైకి మారిస్తే పీడా వదులుతుందని ప్రేమయ్యే రెడ్డికి చెప్పాడు. దానికి కావలసిన సామాను మద్రాసులో దొరుకుతుందని తెలిసి రెడ్డి రైలు పార్సిల్లో తెప్పించాడు. పెట్టె విప్పితే అరచేతి వెడల్పు ఇనుప పలక ఒకటి, రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు, కొత్త డబ్బా, దాన్ని బిగించే పట్టీ ఉన్నాయి. పాత డబ్బా ఉన్నచోట ఈ పలకను బిగించాలి. ఆయిలు ఒక గొట్టంలోంచి పైకి పోయి, కొత్త డబ్బాలో వడకట్టుకుని, రెండో గొట్టంలోంచి తిరిగి ఇంజనులోకి వస్తుంది. చెప్పడానికి ఇంతే.

"సోమవారం పొద్దున పది గంటలకు కర్నూల్లో ఇంజనీర్ల ముందర నా బండలు ఉండల్ల," అన్నాడు రెడ్డి. "కొత్త ఆఫీసులకు ఎవరి బండలు పరచాలో ఆ పొద్దే తేలుస్తారంట. దావలో కారు నిల్చిపోయిందా, ఒరేయ్, మంగళారం నీ షెడ్డు పీకించి ఆ జాగాలో నా లారీలు పెట్టుకుంటా. మళ్లా నన్ను అడగొద్దు."

ప్రేమయ్య తల ఊపాడు. ఆ నడుముతో గనికి తిరిగి పోలేడు. ఆ షెడ్డు పోతే ఆ ఇంటికి రత్నమణి రెండు చేతులే దిక్కు.

శనివారం మధ్యాహ్నానికి అన్నీ బిగించి ఇంజను వేశాం. ఐదు నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత పలక అంచున ఒక చుక్క తేలింది. తుడిచాం. ఇంకో చుక్క. కాసేపటికి ధార కట్టింది.

"బోల్టు బిగించే కొద్దీ ఎక్కువ కారతాండాదప్పా! ఇదేం మాయరోగమో!" అన్నాడు ప్రేమయ్య. ముఖం పాలిపోయింది. పలకకూ ఇంజనుకూ మధ్య పెట్టే అట్టముక్క మార్చాడు, రెండట్టలు కలిపి పెట్టాడు, మూడు పెట్టాడు. కారడం ఆగలేదు.

అప్పుడు నేనొక దివ్యమైన సలహా ఇచ్చాను. మా ఊళ్లో నీళ్లతొట్టి కారినా, మిద్దె కారినా సున్నం, బెల్లం కలిపి నూరి పూస్తాం. అది ఆరితే గడ్డపారకు కూడా లొంగదు. "అదే పూయప్పా, యాడికి పోతాది ఆయిలు?" అన్నాను. పాపం, గత్యంతరం లేక పూశాడు. ఆదివారం పొద్దునకు రాయిలా బిగిసింది. ఇంజను వేసి నా తెలివికి నేనే మురిసిపోతుంటే, వేడెక్కగానే టప్పున పగిలి పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. సున్నం ముక్కలు లోపలికి పోయి ఉంటాయేమోనన్న భయంతో పలక ఊడదీసి, ఆయిలంతా దించి, గొట్టాలు కడిగి, మళ్లీ మొదటికి వచ్చాం. ప్రేమయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

రత్నమణి చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్లకోక, చేతిలో సంగటి, ఊరిబిండి పచ్చడి ఉన్న గిన్నె. మొగుడి ముఖం చూసింది. గిన్నె కింద పెట్టి, గోనెపట్టా మీదున్న పలకను తీసుకుని అరచేత్తో నిమిరింది.

"ఇది నడుమ లోతు ఉండాది," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. సున్నం కథతో అప్పటికే పరువు పోయి ఉన్నాను. "మ్మే, అది బండ కాదు, ఇనుము. మద్రాసు నుంచి వచ్చినేది. ఆడదానివి, కారు సంగతి నీకేం తెలుసు? గిన్నె ఆడ పెట్టి పో!" అన్నాను.

"కారు సంగతి నాకు తెల్దన్నా," అంది, కోపం కూడా లేకుండా. "మట్టం సంగతి నీకు తెల్దు."

షెడ్డు గడపకు నున్నగా రుద్దిన బండొకటి పరిచి ఉంది, ఆమె రుద్దినదే. దాని మీద ఎర్రమన్ను పలచగా నీళ్లలో కలిపి పూసి, పలకను బోర్లించి, నొక్కి, ఎత్తి చూపించింది. నాలుగు మూలలకే ఎరుపు అంటింది. నడుమ తాకనే లేదు. ప్రేమయ్య నోరు తెరుచుకుని చూశాడు. నేనూ చూశాను, కాకపోతే నోరు మూసుకుని. అంతటితో ఆగక కారు కిందికి దూరి, ఇంజను వైపు పలక కూర్చునే చోటునూ వేళ్లతో తడిమింది. అది బాగానే ఉందట.

"సానపొడి తీస్కరాపో," అంది ప్రేమయ్యతో.

అతను గతుక్కుమన్నాడు. "ఈ పొద్దు ఆదివారం గదా? నేనంటే లోపల చేసుకుంటాండా, నువ్వు గడపలో కూర్చుని రుద్దుతాంటే చర్చి సంగపెద్ద చూసి ఊరుకుంటాడా?"

"మంగళారం షెడ్డు పీకినాక మనకు కూడు పెట్టేది సంగపెద్దా? దేవునికి నేను చెప్పుకుంటాలే. పో."

అప్పుడు ప్రేమయ్యకు వచ్చింది చూడండి కోపం! ఆ మనిషి అరవగా విన్నది ఆ ఒక్కసారే. "సానపొడి రవ్వంత ఆయిల్లోకి పోయినా ఇంజను నమిలి పారేస్తాది! ఆయిలు వడకట్టేదానికి పెట్టిన పలకలోనే పొడి పోస్తావా? నన్ను ముంచల్లనా నీకు?"

ఆమె లేచి, పక్కింటి సుంకమ్మ దగ్గర తేనెమైనం ముద్ద తెచ్చింది. వేడిచేసి పలకలోని రంధ్రాలన్నీ నిండా మూసింది. "ఇప్పుడు యాడ పోతాది?" అంది. ప్రేమయ్య పోయి సానపొడి తెచ్చాడు.

ఇక మొదలుపెట్టింది. తెల్లకోక కుచ్చెళ్లు ఎగదోపి, బండ ముందు గొంతుకూర్చుని, నీళ్లు చిలకరించి, పొడి చల్లి, పలకను సున్నాలు చుడుతూ రుద్దింది. ముందుకూ వెనక్కూ తోస్తే ఒక పక్కే అరుగుతుందట. ఇరవైసార్లు రుద్దడం, పలకను పావువంతు తిప్పడం, మళ్లీ రుద్దడం. మధ్య మధ్య కడిగి ఎర్రమన్ను మీద అచ్చు వేయడం. మూలల ఎరుపు మెల్లగా నడుమకు పాకింది. ఎండ నెత్తికెక్కింది, దిగింది. సంగటి గట్టిపడిపోయింది, ముగ్గురిలో ఒక్కరమూ ముట్టలేదు. చివరి అచ్చుకు పలకంతా ఒకే ఎరుపు. నేను "ఓరి దేవుడా!" అనేశాను.

వేడినీళ్లలో మైనం కరిగించింది. పలకను కుంకుడురసంలో ఉడికించింది. ప్రేమయ్య కిరసనాయిలుతో మూడుసార్లు కడిగి, గుడ్డపీలికలు రంధ్రాల్లోంచి లాగి, తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. ఒకే ఒక్క పలుచని అట్ట పెట్టి బిగించబోతే ఆమె మళ్లీ ఆపింది.

"ఒక మూల బిర్రుగా బిగించి ఇంకో మూలకు పోతాండావే! బండ దించేటప్పుడు ఒక పక్కే వదులుతామా? అన్ని మూలలూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా దించవా?"

అలాగే బిగించాడు. కొత్త డబ్బాలో ఆయిలు పోసి, ఇంజను ముట్టించి, అరగంట నడిపాం. రత్నమణి కిందికి వంగి, తన తెల్లకోక చెంగుతో పలక చుట్టూ తుడిచి పైకెత్తి చూపించింది. మరక లేదు. ప్రేమయ్య చెంగును తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

సోమవారం తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. వెనక సీటు నిండా నమూనా బండలు, ముందర నా పక్కన మల్లెపువ్వులాంటి పంచెలో సుంకిరెడ్డి. ఓర్వకల్లు గుట్టల దగ్గర దారి మీద కొత్తగా కంకర పోసి ఉంది. తప్పించే వీలు లేదు. ఒక పెద్ద రాయి లేచి కారు అడుగున ధడేల్‌మని తగిలింది. సరిగ్గా పాత డబ్బా వేలాడిన వైపు.

"ఆపు, ఆపరా!" అని అరిచాడు రెడ్డి.

కారు ఆగిందో లేదో దిగి, ఆ తెల్లపంచెతో దుమ్ములో పడుకుని కిందికి చూశాడు. నేనూ పడుకున్నాను. రాయి తగలడానికి అక్కడ డబ్బా ఉంటే కదా! పక్కనున్న చట్రం మీద చిన్న గీత పడింది, అంతే. పలక చుట్టూ పొడి దుమ్ము, ఒక్క చుక్క తడి లేదు. రెడ్డి లేచి పంచె దులుపుకుని కారెక్కాడు. తర్వాత "పోనీ," అన్నాడు. ఎన్నడూ లేనిది నేను ఆ దారిలో కూనిరాగం తీశాను, రెడ్డి కసరలేదు.

పలక రుద్దింది రత్నమణి అని దారిలోనే రెడ్డికి చెప్పాను. తొమ్మిదిన్నరకు కర్నూలు చేరాం. ఇంజనీర్లు బండల మీద నీళ్లు పోసి చూశారు, మట్టం చూసే చెక్కబద్దలు పెట్టి చూశారు. రెండు పెద్ద హాళ్లకు మా బండలే అన్నారు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే షెడ్డు ముందు కారు ఆపాను. నేను ఎగిరి దూకి కేక వేద్దామనుకున్నాను గానీ, లోపలి సంగతి చూసి మెల్లగా దిగాను. గోడలు బోడిగా ఉన్నాయి. ప్రేమయ్య పానాలు, సుత్తులు, ఆకురాళ్లు అన్నీ గోనెలో మూటగట్టి, మూట పక్కన నిలబడి ఉన్నాడు. కారు ఎక్కడో నిలిచిపోయే ఉంటుందన్న భయంతో, ఇంకొకరి చేత పీకించుకోవడం ఎందుకని తానే సర్దుకున్నాడు. రత్నమణి గుమ్మంలో ఉంది, మా ముఖాలు చూస్తూ.

సుంకిరెడ్డి మూటను చూశాడు. ఎప్పుడూ "ఒరేయ్" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి.

"ఏమప్పా ప్రేమయ్యా, యాడికి పోతాండావు?" అన్నాడు. "నా లారీలు ఆరు ఉండాయి. రేపట్నుంచి అన్నీ ఈడికే వస్తాయి. ఈ జాగా జోలికి నేను గాని, నా కొడుకులు గాని రారు. మీ ఇద్దరికీ మాట ఇస్తాండా."

ప్రేమయ్య మూట మీదే కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని బావురుమన్నాడు. నాకూ ఆగలేదు, నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

రత్నమణి ఏడవలేదు. మొగుణ్ణి భుజం పట్టి మూట మీంచి లేపింది. ముడి విప్పి, పానాలు ఒక్కొక్కటిగా తీసి గోడకు తగిలించసాగింది. పై మేకులు ఆమెకు అందలేదు. నేను పోయి పక్కన నిలబడి, "ఇట్లియ్యమ్మా," అని చెయ్యి చాపాను.