పేరు పడని పళ్ళెం

సిరాలో కిరసనాయిలు కలిసిన వాసన నా గదిని వదలదు. రాగిరేకుల్ని యాసిడ్‌లో ముంచి ఎచింగు బొమ్మలు చేసి చేసి విసుగొచ్చి, ఈ మధ్య విజయవాడలోని నా ప్రెస్సు మీద కొత్త పని మొదలుపెట్టాను. మా ఇంటి పాత స్టీలు పళ్ళేల అంచులు కోయించి, సాపు చేయించి, వాటి గీతల్లోకి సిరా ఎక్కించి, పైపైన తుడిచి, తడి కాగితం మీద అచ్చు తీస్తున్నాను. పళ్ళెం మీద చెక్కిన పేరు కాగితం మీద తిరగబడి వస్తుంది. తాతయ్య పేరు, అత్తయ్య పేరు, నా పేరు.

మంగళగిరి అవతల మా ఊరికి, నూర్పిళ్ళు అయ్యాక, పేర్లు చెక్కే ఆయన సైకిల్ మీద వచ్చేవాడు. మా అరుగు మీద కూర్చుని చిన్న ఉలితో టకటకా కొడుతుంటే, కొత్తబియ్యం ఉడికే వాసన, గడ్డివాము దుమ్ము, పళ్ళేల మోత అన్నీ కలిసి నాకు పండగలా ఉండేది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళిన గిన్నెలు ఇంకొకరి వాటిలో కలిసిపోకూడదని ఆ పేర్లు. నేనైతే గరిటెను కూడా పేరు లేకుండా వదలనిచ్చేదాన్ని కాదు.

ఒక్క పళ్ళెం మాత్రం పశువులపాక చూరులో ఉండేది. మా పొలంలో పనిచేసే మరియమ్మది. తిన్నాక తనే బూడిదా ఇసకా పెట్టి తోముకుని మళ్ళీ చూరులో దోపేది. గుణదల మేరీమాత తిరునాళ్ళకు వెళ్ళొస్తే మాకు ఖర్జూరాలు తెచ్చేది. నాయనమ్మ వాటిని గుమ్మం దాటనిచ్చేది కాదు, మేం వాము వెనక నక్కి తినేవాళ్ళం.

“మరి మరియమ్మ పళ్ళేనికో?” అని ఒకసారి అడిగాను.

“దానికి పేరెందుకే పిచ్చిమొహమా? అది మనవాటిలో కలిస్తే గదా!” అంది నాయనమ్మ.

అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడే నిలబడ్డ మరియమ్మ కొంగు దోపుకుని కళ్ళం వైపు వెళ్ళిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

ఇప్పుడు పేర్లు చెక్కేవాళ్ళు రావడం లేదు. ఆ పాకా లేదు, మరియమ్మా లేదు. పళ్ళెం మాత్రం పాత సామానులో దొరికింది. నిన్న దాన్ని అచ్చు తీస్తే, పేర్లున్నవాటికన్నా అదే బాగా వచ్చింది. కాగితం నిండా సన్నసన్నటి గీతలు, వానజల్లులా. అన్నీ మరియమ్మ చేతివి.

అచ్చు కింద గీసినవాళ్ళ పేరు పెన్సిలుతో రాయడం మా చిత్రకారుల్లో రివాజు. మరియమ్మ అని రాద్దామనే పెన్సిలు తీశాను. అంతలో ఈ అచ్చులతో పెట్టబోయే ప్రదర్శన ఏర్పాట్లు చూస్తున్నాయన వచ్చి, “ఏం లైన్లండీ మేడం, సూపరండీ! మీరే గీశారా?” అన్నాడు.

“ఆఁ” అన్నాను.

ఎందుకన్నానో! ఆ పళ్ళెం సంగతి చెప్పాలంటే నాయనమ్మ మాటా చెప్పాలి, మా నవ్వూ చెప్పాలి. నోరు రాలేదు. ఆయన వెళ్ళాక మిగతా అచ్చులన్నిటి కిందా నా పేరు రాశాను. దీని కింద నా పేరు రాయడానికి సిగ్గేసింది. ఆమె పేరు రాస్తే నా అబద్ధం బయటపడుతుంది. పెన్సిలు పక్కన పెట్టేశాను. ఆ పళ్ళేనికి ఈసారీ పేరు పడలేదు.